దూరం ఒక్కటే, కొలతలే రెండు

“ఎంతసేపమ్మా! తెల్లవారుజామున ఎక్కితే అదే రోజు మధ్యాహ్నానికి ఇక్కడ దిగుతావు!”

అమెరికాలో పిల్లలున్న తల్లుల్లో ఈ మాట వినని ఆవిడ ఎవరైనా ఉంటే ఆవిడ అదృష్టవంతురాలనుకోవాలి. తక్కినవాళ్ళమందరం విన్నాం. కూతురికో కోడలికో అయిదో నెల వచ్చిందంటే చాలు, ఫోనులో ఈ పాట మొదలవుతుంది. అల్లుడుగారు చదువుకున్నవాడు కనక అంకెలతో సహా చెబుతాడు. “పదమూడు వేల అయిదు వందల కిలోమీటర్లు అత్తయ్యా, పదిహేను గంటలు. అంతే! మీరు కాశీకి రైల్లో వెళ్ళలేదూ? దానికంటే తక్కువే!”

నిజమే, కాశీకి రైల్లో వెళ్ళాం. పగలూ రాత్రీ కూర్చునే వెళ్ళాం. అయితే ఆ రైల్లో కాళ్ళు చాపుకుని పడుకున్నాం. పులిహోర పొట్లం విప్పుకున్నాం. ఎదుటి బెంచీ ఆవిడతో ఆవిడ కోడలి సంగతులూ మన ఆడపడుచు సంగతులూ అన్నీ చెప్పుకున్నాం. స్టేషను వస్తే దిగి టీ తాగి మళ్ళీ ఎక్కాం. కాశీలో దిగేసరికి గడియారంలో ఎన్ని గంటలయిందో మన ఒంట్లోనూ అన్నే గంటలయింది. ఈ సంగతులేవీ అల్లుడుగారి లెక్కలోకి రావు.

ఆ పదిహేను గంటల లెక్క మీదే నా తగువు. అది పచ్చి అబద్ధమని నేననను. ధర్మరాజు అశ్వత్థామ పేరు గట్టిగా పలికి ఏనుగు మాట గొంతులోనే మింగాడు చూశారూ, అలాంటి నిజం అది. మన పిల్లలు పదిహేను గంటలన్నది గట్టిగా అంటారు, తక్కినదంతా మింగేస్తారు. ఆ మింగిన భాగం ఏమిటో ఇవాళ కాస్త గట్టిగా చదువుదాం.

ముందు ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. మీ పిల్లలు చిన్నప్పుడు చదువుకున్న గ్లోబు అటక మీద ఉంటే దింపి దుమ్ము దులపండి. ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాదు మీదా, రెండో కొస శాన్ ఫ్రాన్సిస్కో మీదా పెట్టి బిగించి లాగండి. గోడమీది పటంలో చూస్తే ఆ దారం యూరపు మీదుగానో, పసిఫిక్ సముద్రం మీదుగానో పోవాలనిపిస్తుంది. పోదు. హిమాలయాలు దాటి, మంగోలియా మీదుగా, సైబీరియా చివర మంచుసముద్రాన్ని తాకి, అలాస్కా మీదుగా కాలిఫోర్నియాలోకి దిగుతుంది. భూమి గుండ్రంగా ఉండడంవల్ల అదే దగ్గర దారి. ఆ దారం పొడుగు సుమారు 13,500 కిలోమీటర్లు. పెద్ద విమానం గంటకి సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే పదిహేను. కంప్యూటర్లో రెండు ఊళ్ళ పేర్లు కొడితే రెప్పపాటులో చెప్పే దూరమూ ఇదే. లెక్కలో తప్పు లేదు. కాకపోతే ఆ దారం మీద మనల్ని కూర్చోబెట్టుకుని పోయే విమానమే లేదు!

శంషాబాదులో కొత్త విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచారు. చాలా బాగుంటుంది, కాదనను. కాని అక్కడినుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి ఎక్కడా ఆగకుండా పోయే విమానం లేదు. షికాగోకి మాత్రం 2021 జనవరిలో ఎయిరిండియావాళ్ళు నేరుగా ఒకటి మొదలుపెట్టారు. తల్లులంతా సంతోషించారు. అది నిలవలేదు. అంచేత ఎక్కడో ఒకచోట దిగి మళ్ళీ ఎక్కవలసిందే. దుబాయి మీదుగా వెళ్ళామనుకోండి. హైదరాబాదు నుంచి దుబాయి సుమారు 2,500 కిలోమీటర్లు, అక్కడినుంచి శాన్ ఫ్రాన్సిస్కో సుమారు 13,000. మొత్తం 15,500. దారం చెప్పిన దానికంటే రెండు వేలు ఎక్కువ. రెండు వేలంటే ఎంతో తెలుసాండీ? హైదరాబాదు నుంచి ఢిల్లీకి విమానం పోయే దూరం 1,270 కిలోమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఊరికే ఢిల్లీ వెళ్ళి సగం దారి వెనక్కి వచ్చినంత. “అంతే!” అన్న ఒక్క మాటలో ఇదంతా మాయమైపోయింది.

పైగా ఆ దారం కింద దేశాలున్నాయి. దేశాలకి తగాదాలున్నాయి. 2022లో రష్యా యుక్రెయిన్ మీదికి దండెత్తిన తరవాత అమెరికా, యూరపు కంపెనీల విమానాలకి రష్యా ఆకాశం మూతపడింది. 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ మన దేశపు విమానాలకి తన ఆకాశం మూసేసింది. దాంతో ఢిల్లీ నుంచి అమెరికా పోవలసిన మన విమానాలు చుట్టు తిరిగాయి, కొన్ని దారిలో యూరపులో దిగి చమురు పోయించుకుని మళ్ళీ లేచాయి. వీధిలో ఇద్దరు గొడవపడి అడ్డంగా గోడ కడితే, వాళ్ళతో ఏ తగువూ లేని మూడో ఇంటావిడ బిందె పట్టుకుని సందులన్నీ తిరిగి నీళ్ళకి పోవలసి వచ్చినట్టు. గ్లోబు మీది దారానికి ఈ బాధలేవీ లేవు.

ఇక గడియారం చేసే మాయ సంగతి. “అదే రోజు మధ్యాహ్నానికి దిగుతావు” అన్న మాట వినడానికి ఎంత హాయిగా ఉంటుందో! పొద్దున్న ఏలూరులో బస్సెక్కి మధ్యాహ్నానికి రాజమండ్రి మేనత్తగారింట్లో భోజనానికి కూర్చున్నట్టు ఉంటుంది. కాలిఫోర్నియా గడియారం వేసవిలో మనకంటే పన్నెండున్నర గంటలు వెనక, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనక. వేసవిలో హైదరాబాదులో తెల్లవారుజామున నాలుగున్నరకి విమానం లేచి, అక్కడ అదే తేదీన మధ్యాహ్నం రెండింటికి దిగిందనుకుందాం. టిక్కెట్టు చూస్తే తొమ్మిదిన్నర గంటలే కనిపిస్తాయి. దానికి పన్నెండున్నర కలపండి. ఇరవై రెండు గంటలు! ఆ పన్నెండున్నరా మాయమైపోలేదు, మన మోకాళ్ళలోనూ నడుములోనూ ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో ఈ మాయ తిరగబడుతుంది. 2021 జనవరిలో ఎయిరిండియా విమానమొకటి శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగుళూరుకి ఆగకుండా వచ్చింది. పత్రికలన్నీ రాశాయి. నడిపినవాళ్ళందరూ ఆడవాళ్ళే. జోయా అగర్వాల్ నాయకురాలు, పాపగారి తన్మయి, ఆకాంక్షా సోనావరే, శివానీ మన్హాస్ తక్కిన ముగ్గురు. ఆ పేర్లు చదువుతుంటే ఎంత గర్వంగా ఉంటుందో! అక్కడ 9వ తేదీ రాత్రి బయల్దేరి ఇక్కడ 11వ తేదీ తెల్లవారుజామున దిగారు. తేదీలు చూస్తే మూడు రోజుల వ్యవహారం, ఆకాశంలో ఉన్నది సుమారు పదిహేడు గంటలు. కనక టిక్కెట్టు మీది తేదీలు చూసి ప్రయాణం ఎంతో చెప్పబోకండి. వెళ్ళేటప్పుడు తక్కువ చూపిస్తుంది, వచ్చేటప్పుడు ఎక్కువ చూపిస్తుంది. కొంటున్నప్పుడొక తూకం, అమ్ముతున్నప్పుడొక తూకం వాడే కొట్టువాడి త్రాసులాంటిది అది.

సరే, ఇప్పుడు అసలు లెక్క వేద్దాం. ఆవిడ విజయవాడ దగ్గర ఒక ఊళ్ళో ఉందనుకోండి. అమెరికా వెళ్ళే తల్లులందరూ విమానాశ్రయం గేటు పక్కన కాపురం ఉండరు కదా. ఇంటి గడప దాటి శంషాబాదు చేరడానికి కారులో ఆరు గంటలు. విమానం లేవడానికి మూడు గంటల ముందే అక్కడ ఉండాలి. ఇక్కడికి తొమ్మిది. దుబాయికి నాలుగు గంటలు, పదమూడు. అక్కడ రెండో విమానం కోసం రెండు గంటలు, పదిహేను. చూశారూ, అల్లుడుగారి పదిహేను గంటలూ అయిపోయాయి, ఆవిడ ఇంకా దుబాయిలోనే ఉంది! అక్కడినుంచి పదహారు గంటలు, ముప్ఫై ఒకటి. దిగాక పాస్‌పోర్టు చూసేవాళ్ళ దగ్గర వరస, పెట్టెల కోసం నిరీక్షణ, ఆ పొడి ఏమిటి ఈ పొడి ఏమిటి అన్న ప్రశ్నలు, అన్నీ కలిపి రెండు గంటలు. కారులో అమ్మాయిగారింటికి ఒక గంట. మొత్తం ముప్ఫై నాలుగు. అదీ అన్నీ వేళకి నడిస్తే! పెట్టెల తూకం సరిపోక ముందురోజు రాత్రంతా తీసీ పెట్టీ, పెట్టీ తీసీ నిద్ర లేకుండా గడిపిన సంగతి నేనిందులో కలపలేదు.

పదిహేనుకీ ముప్ఫై నాలుగుకీ మధ్య ఉన్న పంతొమ్మిది గంటలూ ఎవరివండీ? విమానం వాళ్ళవి కావు, వాళ్ళ లెక్క రన్‌వే మీద మొదలై రన్‌వే మీద ముగుస్తుంది. పిల్లలవి కావు, వాళ్ళు ఫోనులో విమానం బొమ్మ కదులుతుంటే చూస్తూ కూర్చుంటారు. అవి అచ్చంగా ఆవిడవి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఖర్చుపెట్టే గంటల్ని ఎవరూ ఎప్పుడూ లెక్కలో వెయ్యలేదు కనక ఇవీ ఎవరూ వెయ్యరు. వంటకి ఎంతసేపు పట్టిందంటే పొయ్యి మీద కూర ఉడికినంతసేపు చెబుతారుగాని, తరగడం, కడగడం, వడ్డించడం, అంట్లు సర్దడం ఎవరు చెబుతారు? ఇదీ అంతే.

ఒంటి సంగతి కూడా చెప్పుకోవాలి. విమానం ముప్ఫై అయిదు వేల అడుగుల ఎత్తున పోతున్నా లోపలి గాలిని ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టుగా ఉంచుతారు. అంటే పదహారు గంటలు ఊటీలో కూర్చోబెట్టినట్టన్నమాట, ఆ పచ్చదనం మాత్రం ఉండదు. ఆ గాలిలో తేమ ఇరవై శాతం కూడా ఉండదు. నోరు ఎండిపోతుంది. నీళ్ళు తాగితే పక్క సీట్లో నిద్రపోతున్న ఇద్దరిని లేపి బాత్రూముకి వెళ్ళాలి. వాళ్ళని లేపడానికి మొహమాటం. అంచేత మన ఆవిడ నీళ్ళు తాగడమే మానేస్తుంది. నీళ్ళు మానేసి కదలకుండా కూర్చోవడం ఎంత పనికిరాదో వైద్యులు నెత్తీనోరూ బాదుకుని చెబుతున్నారు. విమానమైనా, రైలైనా, బస్సైనా నాలుగు గంటలకి మించి కదలకుండా కూర్చుంటే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2007లో ప్రకటించారు. రెట్టింపయినా అది ఆరు వేలమందిలో ఒకరికి వచ్చేదే, బెంబేలు పడిపోవలసిన పని లేదు. కాని ఆ ఒకరు మనం కాకూడదంటే గంటకోసారి లేచి నడవాలి, నీళ్ళు తాగాలి, కాళ్ళ నరాల బాధ ఉన్నవాళ్ళు ముందే డాక్టరుని అడగాలి. అల్లుడుగారు టిక్కెట్టు కొన్నప్పుడు నడవా పక్క సీటు తీసుకుంటే ఇందులో సగం బాధ తీరుతుంది. దానికి కొంచెం ఎక్కువ పుచ్చుకుంటారని వదిలేస్తారు. అమ్మ సర్దుకుంటుంది కదా!

అమ్మ సర్దుకుంటుంది. ఈ మూడక్షరాల నమ్మకం మీదే కదా ఇంత పెద్ద విమానాలూ ఎగురుతున్నాయి... కాదు, ‘సర్దుబాటు’ నాలుగక్షరాలు. సరే, అక్షరాల లెక్క ఎలా ఉన్నా నమ్మకం మాత్రం గట్టిది. తిరుమల కొండ మెట్లు గబగబా ఎక్కే ఆవిడ విమానాశ్రయంలో చక్రాల కుర్చీలో ఎందుకు కూర్చుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? కాళ్ళు లేక కాదు, భాష రాక. అంత పెద్ద దుబాయి విమానాశ్రయంలో ఏ గేటు ఎటో చదువుకోలేక, అడగలేక, తప్పిపోతే ఎలా అన్న భయంతో, నలుగురూ చూస్తుండగా రోగిష్టిదానిలా తోయించుకుంటూ వెళుతుంది. ఆ రెండు గంటల దూరం ఏ గ్లోబు మీదా దొరకదు.

ఇంత పడి అక్కడ దిగాక ఏం జరుగుతుంది? వెనకటి రోజుల్లో కూతురు పురిటికి పుట్టింటికి వచ్చేది. ఏడో నెలో తొమ్మిదో నెలో వెళ్ళి తీసుకొచ్చుకునేవాళ్ళం. మన వంటిల్లు, మన మంత్రసాని, మన పెరటి వేపచెట్టు, మన చుట్టాలు. ఇప్పుడు పుట్టిల్లే రెండు పెట్టెల్లో సర్దుకుని కూతురి దగ్గరికి పోతోంది. కారప్పొడి, శొంఠిపొడి, వాము, నెయ్యి కాచే గిన్నెతో సహా. పోనివ్వండి, కాలం మారింది, బిడ్డ అక్కడుంటే తల్లి అక్కడికి వెళ్ళకుండా ఎలా ఉంటుంది? నేను వెళ్ళవద్దనడం లేదు. మనవడి మొహం చూస్తే ముప్ఫై నాలుగు గంటలేమిటి, మూడు వందల గంటలైనా మరిచిపోతాం. కాని మరిచిపోవడం మన మంచితనం. కష్టమే లేదని వాళ్ళు అనడం వేరు.

ఒంట్లోని గడియారం రోజుకి సుమారు ఒక గంట చొప్పున సర్దుకుంటుందని వైద్యుల మోటు లెక్క. పన్నెండున్నర గంటల తేడాకి పన్నెండు రోజులు పడుతుందన్నమాట. మరి దిగిన మర్నాడే గరిటె చేతికిచ్చే ఇళ్ళు ఎన్ని లేవు? అర్ధరాత్రి మెలకువగా ఉంటుంది కనక పసివాణ్ణి ఎత్తుకోవడానికి కూడా అమ్మే పనికొస్తుందట. జెట్‌లాగ్ అన్న జబ్బు నలభై ఏళ్ళ లోపువాళ్ళకే వస్తుంది కాబోలు!

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. నా కోపం గంటల మీద కాదు. ఇదే దూరం తిరగబడినప్పుడు ఏమవుతుందో చూడండి.

తండ్రికి గుండె ఆపరేషను. లేదా షష్టిపూర్తి. లేదా ముసలి అమ్మమ్మకి ఆఖరి రోజులు. ఫోను చేసి “ఒక్కసారి వచ్చి వెళ్ళరా నాన్నా” అంటే అవతలినుంచి ఏ మాట వస్తుంది? “అమ్మా, నీకు తెలియదు. ఇక్కడినుంచి రావడమంటే మాటలా! ప్రపంచానికి అవతలి కొసన ఉన్నాం. రావడానికి రెండు రోజులు, పోవడానికి రెండు రోజులు, పిల్లలకి నిద్రలు చెడిపోతాయి, మళ్ళీ వాళ్ళు స్కూలుకి సర్దుకోవడానికి వారం.” విన్నారా? ఎంత చక్కగా తెలుసో వాళ్ళకి! గడప నుంచి గడపకి లెక్క తెలుసు. దుబాయిలో కాచుకునే గంటలు తెలుసు. పాపకి చెవులు నొప్పి పెట్టడం తెలుసు. నేను పైన రెండు పేజీల్లో చెప్పిందంతా వాళ్ళకి కంఠతా వచ్చు. అమ్మ వచ్చేటప్పుడు పదిహేను గంటలుగా ఉన్న దూరం, తాము వెళ్ళవలసినప్పుడు ప్రపంచానికి అవతలి కొస అయిపోయింది. అవే రెండు ఊళ్ళు. అదే భూమి. అదే దారం. అటు లాగితే సాగుతుంది, ఇటు లాగితే ముడుచుకుంటుంది. దారం కాదండీ, రబ్బరు బ్యాండు!

నాకు జవాబు చెప్పేవాళ్ళున్నారు. “మీకేం, రిటైరయ్యారు. మాకు సెలవుల్లేవు. వీసా ముద్ర కోసం కాన్సులేటులో తేదీ దొరకాలి, దొరక్కపోతే ఇక్కడే చిక్కుకుపోతే ఉద్యోగం పోతుంది. టిక్కెట్లు నలుగురికి కొనాలి, మీలాగా ఒక్కటి కాదు.” నిజం. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పరాయి దేశంలో ఉద్యోగం కత్తిమీద సాము. ఆ భయం తల్లికి అర్థం కాదనుకోవడం పొరపాటు. ఇంట్లో గండం ఉన్నప్పుడు ఉద్యోగం పోతుందని భయపడిన భర్తల్ని మనం చూడలేదూ? నేను చెప్పేది ఒకటే. అలాగైతే అలాగే చెప్పండి. “అమ్మా, సెలవు లేదు, భయంగా ఉంది” అనండి. ఏడ్చినా అర్థం చేసుకుంటుంది. దూరం మీద నెట్టకండి. నోరులేని దూరాన్ని తెచ్చి ముద్దాయిగా నిలబెట్టకండి.

ఎందుకంటే దూరానికి ఆ శక్తి ఎప్పుడో పోయింది. 1883లో ఆనందీబాయి జోషీ, పద్దెనిమిదేళ్ళ పిల్ల, డాక్టరీ చదవడానికి ఏప్రిల్లో కలకత్తాలో ఓడ ఎక్కి జూన్లో న్యూయార్కులో దిగింది. అదీ దూరమంటే. మన భీమవరం పిల్లవాడు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల మొదట్లో బోస్టన్ వెళ్ళారు. మందుల పరిశోధనలో లోకానికంతా మేలు చేశారు. 1948లో అక్కడే పోయారు. మధ్యలో ఒక్కసారి కూడా ఇక్కడికి రాలేదు. భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. ఆ రోజుల్లో మనిషి రాలేదంటే మధ్యలో సముద్రం ఉంది, వారాల తరబడి ఓడ ప్రయాణం ఉంది అని చెప్పుకునే వీలైనా ఉండేది. 1960 మేలో ఎయిరిండియా జెట్ విమానం లండన్ మీదుగా న్యూయార్కుకి నడపడం మొదలుపెట్టిన నాటినుంచి ఆ నెపం తగ్గుతూ వచ్చింది. ఇవాళ మనిషి రాలేదంటే సముద్రాన్ని అనడానికి లేదు. రావడమా మానడమా అన్నది మనుషులు నిర్ణయించుకునేదే. ఆ నిర్ణయానికి కారణాలు మంచివే కావచ్చు, అయినా అది నిర్ణయమే.

తండ్రి పోయాడని కబురు వెళితే ఫ్రీజరు పెట్టె తెప్పించి, కొడుకు కోసం కాచుకునే ఇళ్ళు ఇవాళ మన ప్రతి వీధిలోనూ ఉన్నాయి. అప్పుడు చూడండి, ముప్ఫై నాలుగు గంటలంటే ఎంతో పసిపిల్లలకి కూడా తెలుస్తుంది. గడియారం చూసుకుంటూ, విమానం ఎక్కాడా, దుబాయిలో దిగాడా, రెండోది అందిందా అని బంధువులంతా గంటలు లెక్కపెడతారు. పోయినవాళ్ళ కోసం అంత జాగ్రత్తగా వేసే ఆ లెక్క, బతికున్నప్పుడు ఒక్కసారి వేస్తే ఏం పోయింది?

తల్లులకి కూడా రెండు మాటలు చెప్పాలి. మనవైపు న్యాయమంతా ఉందని ఊరుకుంటే ఎలా? విమానం దిగగానే “ప్రయాణం ఎలా జరిగిందమ్మా” అంటే, వాచిన పాదాలు చెప్పుల్లో పట్టకపోయినా “హాయిగా జరిగిందిరా, నాకేం కష్టం లేదు” అంటాం. మనలో నూటికి తొంభైమందిమి అదే అంటాం. మనం అలా అన్నన్నాళ్ళూ వాళ్ళు పదిహేను గంటలే అంటారు. చెప్పకపోతే తెలియడానికి వాళ్ళేమన్నా దేవుళ్ళా? కష్టం చెప్పుకోవడం నేరం కాదు, సణుగుడూ కాదు. అది లెక్క అప్పజెప్పడం. బజారుకి పంపితే పనిపిల్ల చేత కూడా చిల్లర లెక్క చెప్పించుకుంటాం, మన ఒంటి లెక్క మనం చెప్పకపోతే ఎలా?

అంచేత నేను కోరేవి పెద్ద కోరికలు కావు. ఒకటి, ప్రయాణం మాట ఎత్తినప్పుడు రన్‌వే నుంచి రన్‌వేకి కాదు, గడప నుంచి గడపకి లెక్క చెప్పండి. రెండు, టిక్కెట్టు కొనేటప్పుడు రెండు చోట్ల దిగి ఎక్కే చవక టిక్కెట్టు మీరు వచ్చేటప్పుడు కొనుక్కోండి, మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి కాదు. నడవా పక్క సీటు అడగండి. మూడు, దిగాక వారం రోజులు వంటింటి గుమ్మం దగ్గరికి రానివ్వకండి. ఆవిడ వస్తానంటుంది, వినకండి. నాలుగు, ఇది ముఖ్యం, తల్లి రెండుసార్లు వస్తే మీరు ఒకసారి వెళ్ళండి. సగానికి సగం కూడా నేనడగడం లేదు. పెళ్ళిళ్ళ సీజనులో షాపింగుకి కాదు, ఊరికే. అమ్మ కాఫీ కలిపి ఇస్తే వరండాలో కూర్చుని తాగడానికి. నాన్న అదే పాత కథ నాలుగోసారి చెబితే వినడానికి.

ఇవేవీ కుదరకపోతే కనీసం కొలబద్ద ఒకటే ఉంచండి. అమ్మకి పదిహేను గంటలైతే మీకూ పదిహేనే. మీకు రెండు రోజులైతే అమ్మకీ రెండు రోజులే. హైదరాబాదు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి దారం పెట్టి కొలిచినా, శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హైదరాబాదుకి పెట్టి కొలిచినా 13,500 కిలోమీటర్లే వస్తుంది. మూడో తరగతి పిల్లవాడికి కూడా తెలిసే లెక్క ఇది. పెద్ద చదువులు చదివి, పెద్ద కంప్యూటర్లతో లోకానికంతా లెక్కలు చేసిపెడుతున్న మన పిల్లలకి తెలియకపోవడానికి వీల్లేదు.